దైవసంకల్పమును మనుష్యసమ్మతియు

దేవుఁడు సర్వస్వతంత్రుఁడు, ఆయన సంకల్పింపక యేదియు జరుగదు. మనుష్యుఁడు తాను చేసిన పనికి తానే యుత్తరవాది. ఈ రెండు వాక్యములను వేఱువేఱుగా చెప్పినపుడు విన్నవారందఱును తల యూఁపుదురు. రెంటిని ప్రక్కప్రక్కన నుంచి, అట్లయిన నొకఁడు రక్షింపఁబడుటయు వేఱొకఁడు రక్షింపఁబడకుండుటయు నెవరి పనియని యడిగినతోడనే తల యూఁపుట నిలిచిపోవును. క్రైస్తవమతమున నీ ప్రశ్న పదునాఱువందల యేండ్లనుండి నలుగుచున్నది. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో కుమ్మరికి మంటిమీఁద నెంత యధికారమో దేవునికి మనుష్యునిమీఁద నంత యధికారమని వాదించెను. ఆ పౌలే ఫిలిప్పీయులకు వ్రాయుచు, ఎవరి రక్షణకై వారు పాటుపడవలెనని విధించి, వెనువెంటనే యట్లు పాటుపడవలెనను నిచ్ఛను సయితము దేవుఁడే పుట్టించుచున్నాఁడనెను. రెండు మాటలును గ్రంథములో నున్నవి. ఒకదానిని తుడిచివేసినవారు సుఖముగా నిద్రించిరి. రెంటిని నిలుపుకొన్నవారు నేఁటివఱకు తర్కించుచున్నారు.

ఈ విషయమును మేము వేదాంతవినోదమునకై యెత్తికొనలేదు. మా పల్నాటిలో నిది చేతలయందు కనఁబడు ప్రశ్న. గురజాల ప్రాంతమున లూథరను సంఘములును, వినుకొండ నరసరావుపేట ప్రాంతములయందు బాప్టిస్టు సంఘములును నూఱేండ్లకు పైగా నున్నవి. బొల్లాపల్లి యీ రెండవ ప్రాంతమునకు చేరినది. రెండు సంఘములవారును చదువునది యొకే తెలుఁగు బైబిలు; నమ్మునది యొకే క్రీస్తును. అయినను లూథరనులు నెలల బిడ్డ తలపై నీళ్లు పోసి బాప్తిస్మ మిత్తురు. బాప్టిస్టులు ఆ బిడ్డ పెరిగి, తాను విశ్వసించితినని తన నోట చెప్పినఁగాని యియ్యరు. ఇచ్చునపుడు నిలువున నీట ముంచుదురు. చూచువారికిది యొక యాచారభేదముగా తోఁచును. విచారించినచో, దేవుని సంకల్పము మొదటిదా మనుష్యుని సమ్మతి మొదటిదా యను ప్రశ్నకు వారు నీళ్లతో వ్రాసిన రెండు జవాబు లివి.

ఈ సంఘముల పుట్టుకను క్లుప్తముగా చెప్పుదుము. హయ్యర్ అను లూథరను పాదిరి 1842వ సంవత్సరమున అమెరికానుండి గుంటూరునకు వచ్చెను. 1849లో పల్నాటికి పోయి గురజాల కేంద్రముగా పనిచేసెను. ఆ మిషను కృషిఫలముగా 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరను సంఘ మేర్పడినది. బాప్టిస్టులు నెల్లూరునుండి పైకి వచ్చిరి. క్లౌ దొర 1866లో ఒంగోలు చేరి, మఱుసటి సంవత్సరారంభమున ఎనమండుగురు సభ్యులతో సంఘమును స్థాపించెను. ఆ పని పెరిగి 1883లో వినుకొండ, నరసరావుపేటలు వేఱు మిషను స్థానములైనవి. క్లౌ దొరకంటె ముందుగా పల్లెలలో బోధను నాటినవాఁడు యెర్రగుంట్ల పేరయ్య యను మాదిగకులస్థుఁడు. పాదిరుల చరిత్రలను చదువు మన పెద్దమనుష్యులు ఈ పేరును దాఁటి పోవుదురు గాని, దాఁటవలసిన పేరు కాదది.

ఇఁక సిద్ధాంతము. అయిదవ శతాబ్దారంభమున పెలాగియసు అను సన్న్యాసి, మనుష్యునికి మంచిని కోరుకొను శక్తి పుట్టుకతోనే యున్నదనియు, లేనిచో దేవుఁ డాజ్ఞాపించుట యన్యాయమనియు బోధించెను. అగస్తీను దానిని ఖండించెను. మనుష్యుని యిచ్ఛ యున్నది గాని యది రోగగ్రస్తమైనది. రోగి తన్ను తాను స్వస్థపఱచుకొనలేఁడు. దేవుని కృప ముందుగా తాఁకినఁగాని యాతఁడు మంచిని కోరనైనను కోరఁడని యాయన వాదము. సంఘము 418లో కార్తేజి సభయందు పెలాగియసు బోధను త్రోసివేసినది. వేయియేండ్ల తరువాత నీ తగవే మరల లేచినది. ఎరాస్మసు అను పండితుఁడు 1524లో స్వేచ్ఛను సమర్థించుచు నొక గ్రంథమును వ్రాయఁగా, లూథరు మఱుసటి సంవత్సరము మనుష్యుని యిచ్ఛ బద్ధమైనదని బదులు వ్రాసెను. కాల్విను మఱి కొంతదూరము పోయి, రక్షణకు కొందఱును నాశమునకు కొందఱును దేవునిచేత ముందే నిర్ణయింపఁబడిరని చెప్పెను. హాలెండులో అర్మీనియసు శిష్యులు 1610లో దీని కెదురు తిరుగఁగా, 1618-19లో డోర్టు నగరమున కూడిన సభ వారిని బహిష్కరించినది.

మన దేశమున శ్రీవైష్ణవులలో నిట్టి వివాదము లేకపోలేదు. కోఁతిపిల్ల తల్లిని తానే కఱచిపట్టుకొనును. పిల్లిపిల్లను తల్లియే నోట కఱచుకొని పోవును. వడకలైవారు మొదటి న్యాయమును, తెంకలైవారు రెండవదానిని చెప్పుదురు. ఉపమానము చక్కనిదే గాని క్రైస్తవుల చిక్కును పూర్తిగా పట్టదు. పిల్లిపిల్ల తల్లినుండి పాఱిపోవఁ జూడదు. అగస్తీను లూథరులు వర్ణించిన మనుష్యుఁడు పాఱిపోవువాఁడు. ఎత్తుకొన వచ్చిన చేతిని గీరువాఁడు. అట్టివానిని బలిమిని రక్షించుట రక్షణ యగునా యన్నది వారి చిక్కు.

లూథరనులు దీనికి చెప్పు సమాధానము తర్కమునకు లొంగదు గాని నిజాయితీ గలది. 1530 నాఁటి ఆగ్స్‌బర్గు విశ్వాసప్రమాణము పదునెనిమిదవ ప్రకరణమున వ్యవహారవిషయములలో మనుష్యునికి కొంత స్వేచ్ఛ యున్నదని యొప్పుకొన్నది. ఇల్లు కట్టుట, పెండ్లి చేసికొనుట, దొంగిలుట, మానుట యివి యతని చేతిలోనివి. దేవుని ప్రేమించుట మాత్రము పరిశుద్ధాత్మ సహాయము లేక యతని చేతఁ గాదు. 1577 నాఁటి మఱియొక ప్రమాణపత్రము, రక్షింపఁబడినవాఁడు దేవుని కృపచేతనే రక్షింపఁబడెననియు, నశించినవాఁడు తన దోషముచేతనే నశించెననియు నిర్ణయించినది. అట్లయిన కృప యందఱికి నొకేరీతిని ఏల ఫలింపదని యడిగినచో, అది మాకు తెలియఁబడలేదందురు. కాల్విను తర్కమును తుదముట్ట నడపెను. లూథరనులు నడుమ నిలిచిపోయిరి. తర్కము లోపించిన చోట దయ మిగిలినదని మా యభిప్రాయము. ఎదుటివాఁడు నాశమునకే పుట్టెనని చెప్పకుండుటకై తర్కమును కొంత నష్టపెట్టుకొనిన వారిని మేము తప్పుపట్టలేము. బాప్టిస్టులును కేవల స్వేచ్ఛావాదులు కారు. అమెరికాలో 1833లో వెలసి విశేషవ్యాప్తి నొందిన న్యూహాంప్‌షైరు విశ్వాసప్రమాణము, దేవుని యేర్పాటు మనుష్యుని స్వతంత్రకర్తృత్వమునకు విరుద్ధము కాదని పలికినది. కావున నిరువురును రెండు వాక్యములను నిలుపుకొన్నవారే. భేద మెక్కడ ననఁగా, సంఘము మనుష్యుని సమ్మతి నెప్పుడు అడుగవలెను అనుచోట.

ప్లీడరులమైన మాకు దీనిని మా వృత్తిలోని మాటలతో పరీక్షింపవలెనని తోఁచినది. రక్షణ యొడంబడికయా, దానమా? ఒడంబడిక యైనచో ఉభయులును యుక్తవయస్కులై, బుద్ధి నిలుకడ గలవారై, స్వేచ్ఛగా సమ్మతింపవలెను. మైనరు చేసిన యొడంబడిక మొదటినుండియు చెల్లదని 1903లో ప్రీవీ కౌన్సిలు మోహరీ బీబీ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. ఈ దృష్టితో చూచినచో శిశువున కిచ్చు బాప్తిస్మము చెల్లని పత్రమే; బాప్టిస్టుల వాదమే గెలుచును. అయితే క్రైస్తవు లెవరును రక్షణ నొడంబడికయని యొప్పుకొనరు. అది వెల లేని దానమని వారందఱి మాట. దానమునకు న్యాయము వేఱు. 1882 నాఁటి ఆస్తిబదిలీ చట్టము 122వ సెక్షను ప్రకారము దానమును గ్రహీతయైనను, గ్రహీత పక్షమున మఱియొకరైనను అంగీకరింపవచ్చును. ఉయ్యెలలోని బిడ్డకు తాత పొలము దానమిచ్చినచో తల్లి దానిని బిడ్డ పక్షమున పుచ్చుకొనును. ఆ దానము చెల్లును. లూథరను సంఘమున తల్లిదండ్రులును సాక్షులును బిడ్డ పక్షమున విశ్వాసము నొప్పుకొనుట యీ తీరునకు దగ్గఱ.

ఇంతటితో లూథరనులు గెలిచిరా? లేదు. క్రైస్తవ రక్షణ వట్టి పొలము కాదు, శిస్తు గల పొలము. దానితోఁగూడ నడవడి, త్యాగము, శిష్యత్వము వచ్చును. ఆ చట్టములోనే 127వ సెక్షను ఇట్టి భారము గల దానమును గుఱించి చెప్పుచున్నది. గ్రహీత మైనరైనచో నా యంగీకారముచేత భారమునకు బద్ధుఁడు కాఁడు. యుక్తవయస్సు వచ్చిన పిమ్మట, భారము నెఱిఁగియు ఆ యాస్తిని తన యొద్ద నుంచుకొనెనేని అప్పుడు బద్ధుఁడగును. లూథరనులు ఈడేరిన పిల్లలకు సిద్ధాంతబోధ చేసి, సంఘము నెదుట నిలిపి విశ్వాసము చెప్పించు సంస్కారము, అనఁగా కన్ఫర్మేషను, ఈ సెక్షనునకు సరిపోవునది. అది శ్రద్ధతో జరిగినచో శిశుబాప్తిస్మముపై బాప్టిస్టులు తెచ్చు నాక్షేపణలో సగము తీఱును. పాఠము వప్పగించి, క్రొత్తబట్టలు కట్టుకొని, విందు తినుటతో ముగిసినచో ఆక్షేపణ యట్లే నిలుచును. ఉపనయనమును మనము నడపు తీరు నెఱిఁగిన చదువరులు ఇందు నవ్వవలసిన పని లేదు.

బాప్టిస్టుల పక్షమున మఱియొక మాట చెప్పవలెను. వారి దృష్టిలో బాప్తిస్మము దానపత్రము కాదు. లోపల జరిగిపోయిన దానికి బయట వేయు సాక్షిసంతకము. కృప ముందే వచ్చినది, విశ్వాసము ముందే పుట్టినది, నీటిలో మునుఁగుట దానిని లోకమునకు చాటుట. కాఁబట్టి బాప్తిస్మము కొంత యాలస్యమైనను ఆత్మకు హాని లేదు. లూథరనులకో, నీటితోను వాక్యముతోను దేవుఁ డక్కడనే కృప నిచ్చుచున్నాఁడు. అకారణముగా నాలస్యము చేయుట చేతికి వచ్చిన యన్నమును వెనుకకు తీసికొనుట వంటిది. ఈ భేదమును మనస్సున నుంచుకొనినఁగాని, ఇప్పుడు చెప్పఁబోవు కఱవుకథ యొక్క బరువు తెలియదు.

1876వ సంవత్సరమున వానలు తప్పినవి. ధాతసంవత్సరపు కఱవని మన ముసలివారు తరతరములు చెప్పుకొన్నది యదియే. ఒంగోలు అప్పుడు నెల్లూరుజిల్లాలోనిది. క్లౌ దొర ప్రభుత్వమువారు త్రవ్వించుచున్న బకింగుహాము కాలువలో మూఁడున్నర మైళ్ల పనిని కంట్రాక్టుగా తీసికొని, ఆఁకలితో వచ్చిన వేలమందికి కూలి కల్పించెను. పనిమీఁద మేస్త్రీలుగా నుంచినవారు తెలుఁగు బోధకులే. పగటివేళ మన్ను మోయువారు విశ్రమించునపుడును, సాయంకాలమునను ఆ మేస్త్రీలే క్రీస్తునుగుఱించి చెప్పుచుండిరి. వినినవారిలో ననేకులు బాప్తిస్మ మిమ్మని యడిగిరి. క్లౌ దొర ఇయ్యలేదు. కఱవు తీఱువఱకు, అనఁగా సంవత్సరమునకు పైగా, బాప్తిస్మములను నిలిపివేసెను.

ఎందుకు నిలిపెనో కాంట్రాక్టు చట్టము తెలిసినవారికి వివరింప నక్కఱలేదు. ఆయన ఆ గ్రంథమును చూచి యట్లు చేసెనని మేము చెప్పుట లేదు. మంచి మనస్సునకు చట్టము తోడు వచ్చినదని చెప్పుచున్నాము. 1872 నాఁటి ఆ చట్టము 10వ సెక్షను సమ్మతి స్వేచ్ఛగా నుండవలెననును. 16వ సెక్షను అనుచిత ప్రాబల్యమును నిర్వచించుచు, ఒకఁడు రెండవవాని యిచ్ఛను లోఁబఱచుకొనఁదగిన స్థితిలో నుండి దానివలన నన్యాయమైన లాభము పొందినచో నది యనుచిత ప్రాబల్యమనును. వయస్సుచేతగాని, వ్యాధిచేతగాని, మనోబాధచేతగాని, శరీరబాధచేతగాని బుద్ధిబలము దెబ్బతిన్నవానితో వ్యవహరించువాఁడు అట్టి స్థితిలోనివాఁడే. ఆఁకలికంటె శరీరబాధ యేది? కూలి యిచ్చువాఁడును, మేస్త్రీయును, బోధకుఁడును ఒకే పక్షమువారైన చోట, ఆ సమ్మతి స్వేచ్ఛగా కలిగినదని చూపు భారము బలవంతుని మీఁదనే యుండును. క్లౌ దొర ఆ భారమును వహించుటకు అంగీకరింపక, కఱవు గడచిన పిదప రండనెను.

వారు వచ్చిరి. ధాత, ఈశ్వర సంవత్సరములు గడచి బహుధాన్య ప్రవేశించినది. ఇఁక కఱవుసాయ మేమియు లేదని చెప్పిన తరువాత, గుండ్లకమ్మయొడ్డున వెల్లంపల్లియొద్ద జనులు కూడిరి. తమకు సొమ్ము వలదనియు, చేతుల బొబ్బలే తాము పనిచేసి బ్రదుకువారమని చెప్పుననియు, మరల పంట తప్పి చావవలసి వచ్చినచో క్రైస్తవులుగా చావఁగోరుచున్నామనియు వారు చెప్పుకొన్నట్లు క్లౌ దొర వ్రాసియుంచెను. బోధకులు ఒక్కొక్కరిని ప్రశ్నించి, పేరులు వ్రాసికొనిరి. 1878 జులై 3వ తేదీని ఒక్క దినమున 2222 మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మ మీయఁబడినది. ఇచ్చినవారు ఆఱుగురు తెలుఁగు బోధకులు. ఒక్కొక మాఱు ఇద్దఱిద్దఱుగా నీటిలో నిలిచిరి. దొర నీటిలోనికి దిగలేదు. ఆ యొక్క సంవత్సరములోనే బాప్తిస్మము పొందినవారు తొమ్మిదివేలకు మించిరి.

ఈ కథను మిషనువారు జయగాథగా చెప్పుదురు. మాకు దీనిలో చిక్కు ముందుగా కనఁబడుచున్నది. రక్షణ దేవుని దానమైనచో, దేవుఁ డాఁకలిగొన్నవాని నాఁకలివేళనే పిలువరాదా? పిలువఁబడినవానిని ద్వారమునొద్ద నిలిపి, నీ కడుపు నిండినపుడు రమ్మనుటకు ద్వారపాలకునికి హక్కెక్కడిది? 122వ సెక్షనులోనే యింకొక వాక్యమున్నది: అంగీకరింపక మునుపే గ్రహీత మరణించినచో దానము చెల్లదు. కఱవులో నెందఱో చనిపోయిరి; అడిగియు పొందకయే పోయినవారు వారిలో నుండకపోరు. క్లౌ దొర బాప్టిస్టు గనుక, బాప్తిస్మము లేకయే వారి విశ్వాసము వారిని రక్షించునని నమ్మఁగలిగెను. నిష్ఠగల లూథరను పాదిరి ఆ స్థానమున నున్నచో, చావునకు సిద్ధముగా నున్నవానికి నీళ్లు పోయక నిలుచుట యాతనికి మహాపాపముగా తోఁచెడిది. ఒకే కార్యము ఒకరి సిద్ధాంతమున వివేకము, వేఱొకరి సిద్ధాంతమున క్రౌర్యము.

రెండవ చిక్కు ఇంకను లోతైనది. ఆఁకలిగొన్నవానికి స్వేచ్ఛ లేదనుట యాతని ఘనపఱచుటయా, అవమానించుటయా? అన్నము లేనివాఁడు అన్నమునుగుఱించి తప్ప మఱి దేనినిగుఱించియు నాలోచింపలేఁడని కడుపు నిండినవారు తీర్మానించుకొందురు. బొబ్బలెక్కిన చేతులు చూపినవారు ఆ తీర్మానమును కాదనిరి. అయినను మేము క్లౌ దొర నిలిపివేతనే సమర్థింతుము. ఆఁకలిగొన్నవాని యిచ్ఛ లేనిదని కాదు; దానిని తన లాభమునకు వాడుకొనఁగల స్థితిలో తా నున్నానని యాయన యెఱిఁగెను. సందేహము పడవలసినది బలహీనుని మనస్సును గుఱించి కాదు, బలవంతుని చేతిని గుఱించి.

ఇక్కడనే ఈ రెండు సిద్ధాంతములు కలియునని మా తలంపు. రక్షణ కేవలము దేవుని పనియని నిజముగా నమ్మినవాఁడు బియ్యమును గాని, భయమును గాని దేవునికి సహాయముగా పంపఁడు. ఆయనకు మధ్యవర్తి లంచ మక్కఱలేదు. మనుష్యుని సమ్మతియే ముఖ్యమని నమ్మినవాఁడును వానిని పంపఁడు. లంచము తిన్న సమ్మతి సమ్మతి కాదు. ప్రలోభపెట్టు బోధకుఁడు పెదవులతో దేవుని సర్వాధికారమునుగుఱించి చెప్పినను, స్వేచ్ఛనుగుఱించి చెప్పినను, చేతితో రెంటిని కాదనుచున్నాఁడు. నాఁడును, తరువాతను అన్ని మతములవారి ధర్మసంస్థలలోను ఇట్టి చేతులు లేకపోలేదు.

మన వారి మాట కూడ చెప్పవలసియున్నది. మాదిగలు మాలలు క్రైస్తవులగుచుండఁగా, కూలివాండ్రు చేజాఱుదురేమోయని వెఱచిన భూస్వాములు, కూటికై మతము మార్చుకొనిరని యాడిపోసికొనిరి. చట్టము వారికి చెప్పు జవాబు చిన్నది. అనుచిత ప్రాబల్యముచే జరిగిన యొడంబడికను రద్దు చేసికొను హక్కు, 19-ఎ సెక్షను ప్రకారము, ఎవని సమ్మతి యట్లు పుచ్చుకొనఁబడినదో వానికే కలదు. పొరుగువాఁడు వచ్చి, వాని సమ్మతి చెల్లదని దావా వేయఁజాలఁడు. పైఁగా ఆ కూలివానిపై తరతరములుగా ప్రాబల్యము నెఱపినవాఁడే యా దావా వేసినచో, న్యాయాధిపతి మొదట నతనినే బోనెక్కించి ప్రశ్నించును. ఆ పెద్దలే, కఱవు వచ్చి మాదిగవాడలో పిల్లలు చచ్చినపుడు, వాని కర్మము, దైవేచ్ఛ యనిరి. తమ గాదెలు నిండియుండుట మాత్రము తమ పురుషకారమనిరి. ఎదుటివాని దుఃఖమునకు దైవమును, తన సుఖమునకు స్వప్రయత్నమును కారణముగా చెప్పు నీ వేదాంతమును అగస్తీను గాని పెలాగియసు గాని యెఱుఁగరు. అది మన స్వదేశపు సరకు.

సమ్మతి యెవరిదను విషయమున నింకొక మాట. ఈ మార్పులలో పెక్కులు ఒంటరివాని నిర్ణయములు కావు. కుటుంబములు, ఒక్కొకచోట పల్లెలో నొక కులమంతయు, పెద్దల యాలోచనపై కలసి వచ్చిరి. పికెట్ అను మెథడిస్టు పాదిరి 1933లో భారతదేశపు సామూహికమతాంతరములనుగుఱించి వెలువరించిన గ్రంథమున నీ పద్ధతిని విచారించి, గుంపుగా వచ్చినంతమాత్రమున విశ్వాసము కల్ల కాదని వాదించెను. పడమటివారి సిద్ధాంతములు ఒక్కొక యాత్మ దేవుని యెదుట నేకాకిగా నిలుచునని భావించును. మన పల్లెలో పెండ్లియు, సేద్యమును, వలసయు గుంపుగానే నిశ్చయింపఁబడును. పెద్దతో కూడ తల యూఁపిన కోడలి సమ్మతిని ఏమని లెక్కింపవలెను? ఆ స్త్రీ తరువాత నేఁబదియేండ్లు ఆ విశ్వాసమున నిలిచి, పిల్లలకు దానిని నేర్పియుండవచ్చును. 127వ సెక్షనులోని న్యాయమే యిక్కడను వర్తించునని మేమనుకొందుము: పుచ్చుకొన్న నాఁటి సమ్మతి కొఱఁతగా నున్నను, ఎఱిఁగిన పిమ్మట విడువక యుంచుకొనుట సమ్మతియే.

నేఁటి చట్టము ఈ ప్రశ్నలోనికి వేఱొక ద్వారమున ప్రవేశించినది. ఒడిస్సా 1967లోను, మధ్యప్రదేశము 1968లోను, బలాత్కారము, ప్రలోభము, మోసము లేక ప్రేరణ మున్నగువానిచేత మతము మార్పించుట నేరమని చట్టములు చేసినవి. మతప్రచారహక్కునందు ఒకనిని తన మతమునకు మార్చు హక్కు చేరదని 1977లో స్టానిస్లాసు వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, ఆ చట్టములను నిలిపినది. ఆ చట్టములయందు బలాత్కారమను పదమునకు వ్రాసిన వివరణలో దేవుని యాగ్రహమును చూపి బెదిరించుట కూడ చేరియున్నది. నరకమునుగుఱించి చెప్పు ప్రతి బోధకుఁడును దీనిచే నేరస్థుఁడగునా యని సందేహింపవచ్చును. కాల్విను మతస్థుఁడు నరకమును బెదిరింపుగా కాక వాస్తవముగా చెప్పుచున్నాననును. వినువానికి రెండును నొకే భయము. భయముచే కలిగిన విశ్వాసము విశ్వాసము కాదని మా మతము. కాని యే భయము స్వేచ్ఛను హరించినది, యేది మనస్సాక్షిని మేల్కొలిపినది యని నిర్ణయించు పనిని పోలీసు సబినస్పెక్టరు చేతిలో పెట్టుటకు మేము సమ్మతింపము. లూథరు ఎరాస్మసులకు తెగని తగవది.

బెదిరింపును బోధకునియందే వెదకు నీ శాసనకర్తలు తమ వ్రాఁతనుగూడ నొకమాఱు చూచుకొనవలెను. 1950 నాఁటి షెడ్యూల్డు కులముల యుత్తరువు మూఁడవ పేరా హిందూమతము కాక వేఱుమతము నవలంబించువానిని షెడ్యూల్డు కులస్థునిగా పరిగణింపరాదనినది. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును మినహాయింపు దొరకినది. క్రైస్తవులకును మహమ్మదీయులకును దొరకలేదు. ఆంధ్రప్రదేశమున క్రైస్తవులైన షెడ్యూల్డు కులస్థులను వెనుకఁబడిన తరగతులలో సి వర్గమున చేర్చి, నూటికొక వంతు కేటాయించిరి. ఈ భేదమును ప్రశ్నించు వ్యాజ్యము 2004లో సుప్రీంకోర్టున దాఖలైనది. 2022లో కేంద్రప్రభుత్వము దీనిపై విచారణసంఘమును నియమించినది. 2022 ఏప్రిలులో నరసరావుపేట ముఖ్యపట్టణముగా క్రొత్త పల్నాడుజిల్లా యేర్పడినది గాని, పల్లెవాని యెదుట నున్న పాతలెక్క మాఱలేదు. మాదిగవాడలోని యువకుఁడు నీటిలో దిగి విశ్వాసము చెప్పుకొన్నచో కాలేజీ సీటు, ఉద్యోగము, తన్ను కొట్టినవానిపై ప్రత్యేకచట్టమున ఫిర్యాదు చేయు హక్కు, ఇవి పోవు సంభవమున్నది. చెప్పుకొనక యింటిలోనే ప్రార్థించుకొన్నచో నిలుచును. క్లౌ దొర కాలమున బియ్యము త్రాసులో నొక తట్టయందుండెను గనుక నాయన కార్యమును నిలిపివేసెను. ఇప్పుడు తూనికరాయి రెండవ తట్టలో నున్నది. దానిని అక్కడ నుంచినవారు పాదిరులు కారు.